పర్యావరణం: 48ఎ నుంచి జీవో 111 దాకా

ప్రొద్దుటూరు, చేవెళ్ల, మొయినాబాద్ వైపు అభ్యర్థులకు ఈ పాఠం ఊరి పొలిమేరలోనే ఉంది. ముందు సూత్రం: రాజ్యాంగ 42వ సవరణ (1976) ద్వారా పర్యావరణ రక్షణపై 48ఎ, 51ఎ(జి) చేరాయి. మొదటిది రాజ్యానికి ఆదేశిక సూత్రం, రెండోది పౌరుడికి ప్రాథమిక విధి. పరీక్షలో ఈ రెంటినీ తారుమారు చేసి మార్కు పోగొట్టుకునేవారే ఎక్కువ. అడవులు ఉమ్మడి జాబితాలోకి వచ్చిందీ ఈ సవరణతోనే. 1988 జాతీయ అటవీ విధానం లక్ష్యం భూభాగంలో మూడో వంతు పచ్చదనం. జాతీయ పర్యావరణ విధానం 2006లో వచ్చింది.

ఇక అసలు కథ. రెండు జలాశయాలు: మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927). వీటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో నూనె పరిశ్రమ పెట్టబోతే వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఎ.పి. కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి.నాయుడు (1999) తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది: హాని లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమే. ప్రశ్న తప్పక వచ్చేంత విలువైన తీర్పిది.

చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల నరికివేత వివాదం విన్న జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మూలం 2010 చట్టం. జీవో 111 ఆంక్షలను సడలించింది 2022 ఏప్రిల్ నాటి జీవో 69; రెండు నంబర్లూ కలిపి గుర్తుంచుకోండి.