యాక్ట్రెక్: ఆసుపత్రి వెనకున్న ప్రయోగశాల

టాటా మెమోరియల్ ఆసుపత్రి (1941) అందరికీ తెలుసు. దాని పరిశోధన విభాగం యాక్ట్రెక్‌నే పోటీ పరీక్షల అభ్యర్థులు వదిలేస్తుంటారు. డాక్టర్ వి.ఆర్. ఖనోల్కర్ సారథ్యంలో 1952లో ముంబైలో మొదలైన క్యాన్సర్ పరిశోధన కేంద్రమే దీనికి మూలం. ఇప్పుడు నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో ఉంది. ఆరోగ్య శాఖ కాదు, అణుశక్తి విభాగం కిందికి వస్తుంది. బిట్ ఇక్కడే పడుతుంది.

ఇక్కడి ఫ్లో సైటోమీటర్ కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి, వాటికి అంటించిన రంగుల మెరుపును బట్టి రకం తేలుస్తుంది. రక్త క్యాన్సర్ నిర్ధారణకు ఇది ఆయువుపట్టు. అదే క్యాన్సర్‌కు ఇచ్చే కార్-టి చికిత్సలో రోగి టి-కణాలనే బయటికి తీసి, జన్యుమార్పు చేసి, తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన తొలి దేశీయ కార్-టి చికిత్స నెక్స్‌కార్19ను 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రారంభించారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికీ టాటా మెమోరియలే మాతృసంస్థ.