జి-9 మొక్కకు అడ్వాన్సు కట్టేముందు తల్లి చెట్టు సంగతి అడగండి

మృగశిర కార్తె దగ్గరపడింది. జూన్, జులైలో జి-9 రకం అరటి నాటదలచిన రైతులు టిష్యూ కల్చర్ మొక్కలు బుక్ చేసుకునే రోజులివి. ఆరడుగుల ఎడంలో వేస్తే ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. పెట్టుబడిలో వీటిదీ పెద్ద వాటాయే కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పూట నర్సరీలో గడపండి.

టిష్యూ కల్చర్ మొక్కకు వైరస్ ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు, మనమూ నమ్ముతాం. కానీ ల్యాబు సీసాలో పెరిగినంత మాత్రాన వైరస్ పోదు. పిలక మొవ్వు మధ్యలో అర మిల్లీమీటరుకు మించని పెరుగుదల మొన ఉంటుంది. అక్కడ నాళాలు ఇంకా ఏర్పడవు కనుక వైరస్ సాధారణంగా అంతవరకు చేరలేదు. ఆ మొనను మాత్రమే కోసి పెంచితే శుభ్రమైన మొక్క వచ్చే అవకాశం ఎక్కువ. అయితే అంత చిన్న ముక్క బతికేది తక్కువ. అందుకని వ్యాపార ల్యాబుల్లో మొవ్వును ఇంకాస్త పెద్దగానే తీస్తారు. తల్లి పిలకలో వైరస్ ఉంటే ఆ ముక్కతోపాటు అదీ సీసాలోకి వస్తుంది, ఒక్క పిలక నుంచి పుట్టిన వందల మొక్కలకూ అంటుతుంది.

కాబట్టి అసలు కీలకం తల్లి మొక్క పరీక్ష. వెర్రి తెగులు (బంచీటాప్), కుకుంబర్ మొజాయిక్, బ్రాక్ట్ మొజాయిక్, స్ట్రీక్ వైరస్‌లకు ఎలీసా, పీసీఆర్ పద్ధతుల్లో పరీక్షలున్నాయి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ విధానం నడుపుతోంది. ఆ గుర్తింపు ఉన్న ల్యాబు మొక్కలే కొనండి. మీకిచ్చే బ్యాచ్ నంబరు, దాని వైరస్ పరీక్ష కాగితం చూపించమనండి. చూపించడానికి నసిగితే వేరే నర్సరీ చూసుకోవడమే మేలు. ఒకే కల్చర్‌ను ఎనిమిదిసార్లకు మించి విడదీసి పెంచితే గిడసబారినవి, ఆకారం మారినవి ఎక్కువ వస్తాయి. ఆ లెక్క కూడా అడగండి, మొహమాటం వద్దు.

మొక్క అడుగు ఎత్తు, ఐదారు ఆకులతో ఉండాలి. ఆకు తొడిమను, ఈనె అడుగుభాగాన్ని వెలుతురుకు పట్టి చూడండి. చుక్కలూ గీతలూ కలిసిన ముదురాకుపచ్చ చారలుంటే అది వెర్రి తెగులు లక్షణం, ఆ బ్యాచ్ జోలికే పోవద్దు. ఆకుల మీద వంకాయరంగు మచ్చలు కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, లేత జి-9 మొక్కకు అవి మామూలే.

గోదావరి జిల్లాల కర్పూర చక్కెరకేళి రైతులకు ఒక మాట. ఇలాంటి కొన్ని రకాల్లో స్ట్రీక్ వైరస్ జన్యుపదార్థం మొక్క జన్యువుల్లోనే కలిసి ఉంటుంది. టిష్యూ కల్చర్ ఒత్తిడికి అది మేల్కొనవచ్చు. జి-9లో ఈ బెడద లేదు.

శుభ్రమైన మొక్క తెచ్చినా దానికి రోగనిరోధకశక్తి వచ్చినట్టు కాదు. పక్క తోటలో వెర్రి తెగులు ఉంటే పేనుబంక మోసుకొస్తుంది. దోస, గుమ్మడి, టమాటాను అంతరపంటగా వేయకండి, కుకుంబర్ మొజాయిక్ వాటిమీదా బతుకుతుంది. ఖాళీలు పూడ్చడానికి పాత తోట పిలకలు తెస్తే ఇంత ఖర్చూ వృథా.

వెర్రి తెగులు సోకిన చెట్టు కనబడితే వెంటనే పీకకండి. కదిలిస్తే పేనుబంక పక్క చెట్లకు చేరుతుంది. ముందు ఉద్యాన అధికారి సూచించిన పేనుబంక మందు మొవ్వులోకి, ఆకుతొడిమల సందుల్లోకి దిగేలా కొట్టండి. ఆ తర్వాతే దుంపతో సహా తవ్వి, ముక్కలు చేసి నాశనం చేయండి. ఈ తెగులుకు మందు లేదు, గెల దించాక తీద్దామని ఆగితే పక్క వరస కూడా పోతుంది.