పొడి వయసెంత చెల్లీ?

కాఫీ మెషీను కొననా వద్దా అని అడిగావు. ఇప్పుడే వద్దే చెల్లీ. ముందు మీ ఇంట్లో ఎవరెలా తాగుతారో చెప్పు. మీ ఆయన 'ఏ' షిఫ్టుకి, అదే పొద్దున డ్యూటీకి, చీకటితో లేచి, నిలబడే ఓ గ్లాసుడు తాగేసి పరిగెడతాడు. అత్తయ్యగారికి పాలు దండిగా ఉండాలి, పంచదార ఇంకా దండిగా ఉండాలి. నువ్వేమో మధ్యాహ్నం గిన్నెలవీ సర్దుకున్నాక తీరిగ్గా కూర్చుని తాగుతావు. ముగ్గురికీ ఒకటే గింజ ఎలా సరిపోతుంది? గ్లాసులో ఏం కావాలో తేలిందంటే, కొట్లో ఏం అడగాలో అదే తెలుస్తుంది.

విశాఖలో మన కంచరపాలెం వాళ్లకి అరకు కాఫీ పరాయి సరుకేం కాదు. పొద్దున్నే కిరండూల్ పాసింజరు మన పక్కనుంచే కదా కొండెక్కేది! ఆ లైను వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి దించడానికి. ఆ కొండల్లోనే, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య గిరిజనులు కాఫీ పెంచుతున్నారు. పోడు కొట్టుకునే కుటుంబాలకి వేరే బతుకుదారిగా ఉంటుందని పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఈ తోటల్ని ప్రోత్సహించింది. గింజ కొని అమ్మిపెట్టే గిరిజన సహకార సంస్థ, అదే మనం జీసీసీ అంటామే, 1956లో పుట్టింది. దాని పెద్దాఫీసు మన విశాఖలోనే ఉంది. నాంది ఫౌండేషన్ వాళ్లు 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణమే తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత జరిగినా మన వీధిలో సగం వంటిళ్లలో ఇన్‌స్టంటు సీసాయే కనిపిస్తుంది. వాళ్లని తప్పుపట్టను. ఏ షిఫ్టు ఇంటికి అదే సుఖం.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అరకు పేరు చూసి, తక్కువ వేయించిన ఖరీదైన అరబికా కొంటారు. చికోరీ లేదని మురిసిపోతారు. చిక్కటి పాలలో వేసి కుతకుతా మరిగించి, "ఏటక్కా, దీన్లో ఏటీ లేదు!" అంటారు. మరి ఉండదు. అరబికాలో సొగసంతా దాని వాసనలోనూ సన్నటి పులుపులోనూ ఉంటుంది. పాలు ఆ రెండింటినీ మింగేస్తాయి, పంచదార మిగిలినదాన్ని కప్పేస్తుంది. ఆ గింజని నీ మధ్యాహ్నం కాఫీకి దాచుకో. పాలు లేకుండానో, ఒక చుక్క పాలతోనో తాగితేనే దాని ధరకి న్యాయం.

అత్తయ్యగారి కాఫీకైతే బాగా వేయించిన గింజ కావాలి, చికోరీ కూడా పడాలి. చికోరీ పేరెత్తితే కల్తీ అన్నట్టు మొహం పెట్టకు. అది ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్‌లో బాగా పండుతుంది. దాన్ని వేయించి పొడి కొడతారు. కెఫీన్ అసలుండదు. రంగు, చిక్కదనం, ఆ కాస్త తియ్యచేదు అంతా దాని చలవే. నా లెక్కలో పాల కాఫీకి ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ చాలు. చట్టం నలభై తొమ్మిది శాతం దాకా ఒప్పుకుంటుంది, అంత వేశాక అది కాఫీ అని నేనైతే ఒప్పుకోను. ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేసి తీరాలి, చిన్నక్షరాల్లో ఉన్నా వదలకు. కళ్లజోడు పెట్టుకుని మరీ చదువు.

మీ ఆయనకి నిద్ర వదలాలంటే అందులో కొంచెం రోబస్టా కలిపించు. కొడగు, వయనాడు వైపు ఎక్కువగా పండే రకం. అరబికా కన్నా ఇంచుమించు రెట్టింపు కెఫీన్ ఉంటుంది, చేదూ ఎక్కువే.

గింజలే కొంటే కొన్ని మాటలు గుర్తుపెట్టుకో. 'ప్లాంటేషన్ ఏ' అని ఉంటే పండు తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన అరబికాలో పెద్ద సైజు గింజ అన్నమాట. 'చెర్రీ' అంటే పండుని పండుగానే ఎండబెట్టింది. దాని రుచి బరువుగా ఉంటుంది. 'పీబెర్రీ' అంటే పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా ఎదిగింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎక్కువ డబ్బులు తీసుకుంటారు. నాకైతే నాలుక మీద ఆ డబ్బులకి తగ్గ తేడా తెలియలేదు.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఎప్పుడు వేయించారు, ఎప్పుడు పొడి కొట్టారు? పొడి చేశాక వాసన తొందరగా ఎగిరిపోతుంది. గింజగా ఉంటే నెల పైన నిలుస్తుంది. అందులోనూ మనది సముద్రపు ఊరు. మన తేమకి మూత వదులైతే చాలు, పొడి ముద్దకట్టేస్తుంది, చికోరీ పడింది మరీ తొందరగా గడ్డకడుతుంది. అందుకే అరకిలో ప్యాకెట్ మీద తగ్గింపు ఉన్నా ఆశపడకు, వంద గ్రాములో రెండొందలో తెచ్చుకో. గాలి దూరని స్టీలు డబ్బాలో, స్టవ్ పక్కన కాకుండా పెట్టు. ఫ్రిజ్‌లో వద్దు. తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది.

డికాక్షన్ నీకు కొత్త కాదులే. అయినా చెబుతాను. మూడు గ్లాసులకి పాతిక గ్రాముల పొడి, నూటయాభై మిల్లీలీటర్ల నీళ్లు. పొడిని ఫిల్టర్ పైగిన్నెలో సమంగా పరిచి, గొడుగు బిళ్లతో మెల్లగా అదుము. బలంగా నొక్కితే నీరు దిగదు, ఏ షిఫ్టు మనిషి నీ మీద అరుస్తాడు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగు. ముందు పొడి తడిసేంత పోసి, అది ఉబ్బాక మిగతాది పొయ్యి. అలా ఉబ్బిందంటే గింజలో గాలి ఇంకా ఉందన్నమాట, అంటే తాజాదే. ఏమీ కదలకపోతే పొడికి వయసైపోయింది. పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగుతుంది. తయారైన డికాక్షన్‌ని మాత్రం మళ్లీ పొయ్యి మీద పెట్టకు, వేడి పాలే కలుపు.

నీ మధ్యాహ్నం కాఫీకి ఫిల్టర్ కూడా అక్కర్లేదు. మన అమ్మమ్మలు మరిగిన నీళ్లు దించి పొడి వేసి, మూతపెట్టి, గుడ్డలో వడగట్టేవారు కదా? అదే చెయ్యి. రవ్వలా బరకగా ఉన్న అరకు పొడి పదిహేను గ్రాములు, నీళ్లు పావు లీటరు, నాలుగు నిమిషాలు. ఇదే పనికి ఫ్రెంచ్ ప్రెస్ అని గాజు జాడీ అమ్ముతున్నారు. ముచ్చటపడితే కొనుక్కో, కాదనను. మే నెలలో ఉక్కపోత ఎక్కువైతే అదే బరక పొడిని ఎనిమిది రెట్ల చన్నీళ్లలో వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున్న వడగడితే చల్లటి డికాక్షన్ తయారు. చేదు తక్కువ, ఐసు ముక్కలు వేసుకోవచ్చు.

మెషీను డబ్బులు మిగిలాయి కదా, ఏం చేస్తావు? చేత్తో తిప్పే చిన్న గ్రైండరు ఒకటి తీసుకో. మిక్సీ ఆపకుండా తిప్పితే పొడి వేడెక్కి వాసన పోతుంది, సగం మెత్తగా సగం పలుకుగా వస్తుంది. గ్రైండరు వచ్చేదాకా మిక్సీతోనే నడిపించాలంటే, చిన్న జారులో ఆపి ఆపి తిప్పు. ఇక పొద్దున్నే గ్రైండరు తిప్పే డ్యూటీ మీ ఆయనకి అప్పగించు, ఆ చేతి వ్యాయామానికి సగం నిద్ర అక్కడే వదులుతుంది.