తక్కువ డబ్బుతో ల్యాప్‌టాప్ ఎంచుకోవడం ఎలా?

మన హాస్టల్ నుంచి డిగ్రీకి, పీజీకి వెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఇవాళ ల్యాప్‌టాప్ అవసరం పడుతోంది. ప్రాజెక్టు రిపోర్టు, సెమినార్ పేపర్, పోటీ పరీక్షల మాక్ టెస్టులు ఫోన్‌లో కొంతదూరమే సాగుతాయి. కానీ మన ఇళ్ళలో ఇంతకుముందు ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళు లేరు, అడగడానికి అనుభవమున్న పెద్దవాళ్ళూ లేరు. పెట్టే డబ్బేమో అమ్మ పొదుపు సంఘంలో తీసిన అప్పు, లేదా కూడబెట్టిన స్కాలర్‌షిప్. కిస్తీలు తీరేదాకానైనా మిషను నడవాలి కదా! అందుకని పీజీ హాస్టల్లో ఒకే గదిలో ఉండి, నాలుగు రకాల ల్యాప్‌టాప్‌లు వాడుతున్న మేము నలుగురం తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

షాపులో అడుగు పెట్టగానే సేల్స్‌మన్ ఐ3, ఐ5, రైజెన్ అంటూ ప్రాసెసర్ల పేర్లు చదువుతాడు. అవీ ముఖ్యమే. అయితే మా లెక్క వేరు. కొన్నాక మార్చుకోగలిగేవి ఏవి, మార్చుకోలేనివి ఏవి అని ముందు విడదీసుకోవాలి. చాలా మోడళ్ళలో ర్యామ్ పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ పెద్దది వేసుకోవచ్చు, బ్యాటరీ పోతే కొత్తది వేయించవచ్చు. కీబోర్డు, స్క్రీన్ మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో చివరి రోజు దాకా అలాగే ఉంటాయి. కాబట్టి డబ్బు తక్కువైనప్పుడు ముందు ఈ రెండిటినీ చూసుకొని, ర్యామ్ సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా అని మాత్రం తప్పక అడగండి, కొన్నిటిలో బోర్డుకే అతికించి ఉంటుంది. బాగా చవకగా వచ్చే 64 జీబీ స్టోరేజీ మిషన్ల జోలికి పోవద్దు. విండోస్ 11 పెట్టుకోవడానికి కనీసం కావలసిందే 64 జీబీ, ఇక మన ఫైళ్ళకు చోటెక్కడ?

కీబోర్డు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాము. ల్యాప్‌టాప్ కీ నొక్కితే లోపలికి దిగేది ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. ఆ కొంచెంలోనే తేడా తెలుస్తుంది. షాపులో నోట్‌ప్యాడ్ తెరిచి, నిలబడి కాకుండా స్టూలు అడిగి కూర్చుని, మీ పేరు, ఊరు, మండలం, జిల్లా ఐదు నిమిషాలు ఆపకుండా కొట్టండి. అక్షరాలు ఎగిరిపోతున్నాయా, రెండేసి పడుతున్నాయా చూడండి. కీబోర్డు మధ్యలో వేలితో గట్టిగా నొక్కితే రేకులాగా కిందికి వంగేదైతే వద్దనుకోండి. సేల్స్‌మన్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మనది.

తెలుగులో టైపు చేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉచితంగానే ఉంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. ‘స్త్రీ’ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం 6 సార్లు నొక్కాలి. తెలుగు ఎం.ఏ. చేస్తున్న మా రూమ్మేట్ 80 పేజీల ప్రాజెక్టు ఇలాగే కొట్టాడు. వేళ్ళు నొప్పి పెట్టే కీబోర్డు మీద అది అయ్యే పని కాదు. కామర్స్ వాళ్ళు పక్కన అంకెల ప్యాడ్ ఉన్నది చూసుకోండి, అది ఎక్కువగా 15.6 అంగుళాల మోడళ్ళలోనే వస్తుంది. హాస్టల్లో లైట్లు ఆర్పేశాక చదివేవాళ్ళకు కీల కింద వెలుగున్నది పనికొస్తుంది. అది లేకపోయినా బతకవచ్చు.

స్క్రీన్ విషయంలో ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: ఐపీఎస్. చవక మోడళ్ళలో టీఎన్ అనే పాతరకం ప్యానెల్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాడికి బాగానే ఉంటుంది గానీ, పక్కనుంచి, కిందినుంచి చూస్తే రంగులు వెలిసిపోయి, నల్లది తెల్లగా కనిపిస్తుంది. మన గదుల్లో ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురం కూర్చుని క్లాసు వింటాము. కాబట్టి షాపులో కూడా పక్కకు జరిగి, వంగి చూడండి. రెండోది రిజల్యూషన్. 1366, 768 చుక్కల స్క్రీన్ మీద ఇంగ్లీషు ఎలాగో చదవవచ్చు. తెలుగులో వత్తులు, గుణింతాలు ఒకదాని కింద ఒకటి రావడంతో చిన్న అక్షరాలు మసకబారతాయి. స్కాన్ చేసిన తెలుగు అకాడమీ పుస్తకాలైతే మరీ కష్టం. 1920, 1080 ఉన్నదే తీసుకోండి. గాజులా మెరిసే స్క్రీన్‌లో ట్యూబ్‌లైటు, మన ముఖం కనిపిస్తాయి, గరుకుగా ఉండేదే కళ్ళకు మంచిది. బడ్జెట్ మోడళ్ళలో వెలుగు ఎక్కువగా 250 నిట్స్ దగ్గర ఉంటుంది. గదిలో చాలు, పగటిపూట వరండాలో చాలదు.

ఇక బ్యాటరీ. పెట్టెమీద ‘10 గంటలు’ అని ఉంటే నమ్మకండి, వెలుగు తగ్గించి కొలిచిన లెక్క అది. చూడవలసింది వాట్-అవర్ అంకె. మిషను ఎన్ని వాట్లు తింటుందో దానితో భాగిస్తే గంటలు వస్తాయి. 42 వాట్-అవర్ల బ్యాటరీతో టైపింగ్, చదువుకోవడం లాంటి పనులకు 8 వాట్లు అనుకుంటే 5 గంటల పైచిలుకు. అదే వీడియో క్లాసుకు 15 వాట్లు అయితే 3 గంటలు కూడా రాదు. గదికి ఒక్క ప్లగ్గు ఉండి, దానికోసం వరుసలో నిలబడే మనకు ఈ తేడా చిన్నది కాదు. టైప్-సి ద్వారా చార్జింగ్ అయ్యేదైతే ఇంకా మేలు, తగినన్ని వాట్లు ఇచ్చే పవర్‌బ్యాంకుతో కరెంటు లేనప్పుడూ నడుస్తుంది. రోజంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్ళు, సెట్టింగ్ ఉంటే, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెట్టుకోండి. బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

కొత్తది కొనే స్తోమత లేకపోతే, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల దొరుకుతాయి. వీటి కీబోర్డులు చాలామటుకు కొత్త చవక మోడళ్ళకన్నా బాగుంటాయని మా అనుభవం. మాలో ఇద్దరివి అలాంటివే. అయితే విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. ‘ఐ5-8250యు’ అని ఉంటే గీత తర్వాతి 8 అంటే 8వ తరం. అక్కడ 6, 7 ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. మూత నాలుగైదుసార్లు తెరిచి మూసి కీళ్ళు వదులయ్యాయేమో చూడండి.

పాత మిషను బ్యాటరీ ఎంత మిగిలిందో కనుక్కోవడానికి ఒక ఉపాయం ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అన్న ఇంగ్లీషు మాట వెంటనే సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన స్లాష్, దాని వెంటనే బ్యాటరీ రిపోర్ట్ అని ఇంగ్లీషులోనే విడవకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ చేరిందో అక్కడే చూపిస్తుంది. తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 48,000, రెండోది 28,800 ఉందంటే బ్యాటరీ 60 శాతమే మిగిలిందన్నమాట. కొత్త బ్యాటరీ ధర ఎంతో అక్కడే అడిగి, ఆ మేరకు తగ్గించమని బేరమాడండి. ఈ రిపోర్టు తీయనివ్వని షాపులో కొనకండి. బిల్లు మీద మిషను సీరియల్ నంబరు, ఎన్ని నెలల వారంటీ అన్నది రాయించుకున్నాకే డబ్బు చేతికివ్వండి.