గుట్టుగా దాచే జబ్బు

అక్కలారా! ఈ పాఠం పెద్దవాళ్ల కోసం. పిల్లలు పక్కన లేనప్పుడు చదువుకోండి. ఇందులో సిగ్గుపడే మాట లేదు. ఇది కూడా ఒక జబ్బు గురించే.

ఒక ఊళ్లో ఆలుమగలు. ఆయనకు యాభై దాటాయి. ఆరేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్ల నుంచి భార్య దగ్గరకు రావడం మానేశాడు. చీకటి పడగానే మంచం ఎత్తుకుని వాకిట్లోకి పోతాడు. పలకరిస్తే కసురుకుంటాడు. "నా మీద మనసు విరిగింది" అని ఆమె లోలోపల కుమిలిపోయింది. "ఇంకెవరన్నా ఉన్నారేమో, కనుక్కో" అన్నది పక్కింటావిడ. ఆ మాటతో ఇంట్లో రోజూ పోట్లాటే.

అసలు సంగతి వేరు. ఆయన అంగం గట్టిపడటం లేదు. ఆ మాట భార్యతో చెప్పలేకపోయాడు. బస్టాండు గోడ మీద ఒక కాగితం చూశాడు. "నరాల బలహీనతకు గ్యారంటీ వైద్యం. ఫలానా లాడ్జి, ఫలానా తారీకు" అని ఉంది. పోయాడు. లేహ్యం ఇచ్చారు. పొడి ఇచ్చారు. మూడుసార్లు పోయేసరికి పద్దెనిమిది వేలు ఖర్చయింది. ఆమె కమ్మలు కుదువకు పోయాకగాని గుట్టు బయటపడలేదు.

ఆమె ఏడుస్తూ నర్సమ్మకు చెప్పింది.

"అక్కా, ఇందులో నీ తప్పు లేదు. ఆయన తప్పూ లేదు. ఇది షుగరు చేసిన పని" అన్నది నర్సమ్మ.

"షుగరుకూ దీనికీ ఏం సంబంధం?"

"మగవారి అంగంలో ఎముక ఉండదు. లోపల స్పాంజి లాంటి మెత్తని భాగం ఉంటుంది. రక్తం వచ్చి అందులో నిండితే అంగం గట్టిపడుతుంది. కాలువ నీళ్లు వస్తే మడి నిండుతుంది గదా, అలాగన్న మాట. కాలువ పూడిపోతే మడికి నీళ్లు ఎట్లా వస్తాయి?"

షుగరు, బీపీ, బీడీ, సిగరెట్టు రక్తనాళాలను పాడుచేస్తాయి. షుగరు నరాలను కూడా మొద్దుబారుస్తుంది. సారా, దిగులు, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు. మందు వల్ల అనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. బీపీ మాత్రలు మనంతట మనం మానకూడదు.

మన దేశంలో షుగరు ఉన్నవారు పది కోట్లకు పైగా ఉన్నారని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే చెప్పింది. కాబట్టి ఈ బాధ పడే ఇల్లు మీ ఒక్క ఇల్లే అనుకోకండి. ఎవరూ పైకి చెప్పరు, అంతే.

ఇంకో సంగతి ఉంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అంగానికి పోయే రక్తనాళాలు గుండె రక్తనాళాల కంటే సన్నవి. అందుకే అవి ముందు పూడుకుపోతాయి. గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఈ లోపం కనిపించవచ్చు. కాబట్టి ముందు షుగరు, బీపీ, రక్తంలో కొవ్వు పరీక్షలు చేయించాలి. ముప్పై ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆసుపత్రిలో షుగరు, బీపీ ఉచితంగా చూస్తారు. లాడ్జిలో కూర్చున్న ఆయన ఈ పరీక్షల మాటే ఎత్తలేదు. పైగా ఇలా గోడల మీద మగతనం పెంచుతామని రాయడమే నేరం. 1954 చట్టం అలాంటి ప్రకటనలను నిషేధించింది.

నర్సమ్మ వాళ్లిద్దరినీ పెద్దాసుపత్రికి పంపింది. అక్కడి డాక్టరు షుగరు మందు మార్చాడు. బీడీ మానమన్నాడు. ఈ జబ్బుకు మాత్రలు కూడా ఉన్నాయి. కానీ గుండె నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవారు వాటిని మింగకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. మగతనం పెంచుతాయని అమ్మే కొన్ని పొడుల్లో ఈ మందునే గుట్టుగా కలిపినట్టు చాలా దేశాల్లో బయటపడింది.

మరి మాత్రలు పడనివారు ఏం చేయాలి? వారికి ఒక పంపు ఉంది. దీన్ని ఒక డాక్టరు కాదు, టైర్ల వ్యాపారి తయారు చేశాడు. అమెరికాలో గెడ్డింగ్స్ ఆస్బన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనకూ ఈ బాధే వచ్చింది. 1960ల్లో తన కోసం దీన్ని చేసుకున్నాడు. 1982లో అక్కడి ప్రభుత్వం దాని అమ్మకానికి అనుమతి ఇచ్చింది.

సైకిలు పంపు గాలి కొడుతుంది. ఈ పంపు గాలి లాగేస్తుంది. ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి చిన్న పంపు, ఒక మెత్తని రింగు ఉంటాయి. గొట్టాన్ని అంగానికి తొడిగి గాలి లాగితే రక్తం లోపలికి వచ్చి నిండుతుంది. అప్పుడు రింగును గొట్టం మీద నుంచి అంగం మొదట్లోకి జార్చాలి. రక్తం వెనక్కి పోకుండా అది పట్టి ఉంచుతుంది. తర్వాత గొట్టం తీసేయాలి. మడికి గట్టు వేసినట్టే గదా!

వాడే విధానం డాక్టరు దగ్గరే చూసి నేర్చుకోవాలి. మొదట నాలుగైదుసార్లు రింగు లేకుండా చేసి చూడాలి. గొట్టం అంచుకు నీటితో చేసిన జెల్లీ రాయాలి. వంటనూనె, వాసెలిన్ రాయకూడదు. గాలి మెల్లగా లాగాలి. ఒకటి రెండుసార్లు లాగి ఆగాలి. మళ్లీ లాగాలి. తొందరపడితే చర్మం కింద రక్తం చిమ్ముతుంది. నొప్పి పుడితే గాలి వదిలే మీట నొక్కాలి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త రింగుతోనే. పెట్టిన అరగంట లోపల తీసేయాలి. 30 నిమిషాలు దాటకూడదు. ఎక్కువసేపు రక్తం కదలకుండా నిలిచిపోతే కండ చచ్చిపోతుంది. షుగరు వల్ల మొద్దుబారిన వారికి నొప్పి కూడా తెలియకపోవచ్చు. అందుకే గడియారం చూడాలి. తాగి ఉన్నప్పుడు దీన్ని ముట్టకూడదు. రింగుతో నిద్రపోతే పెద్ద ప్రమాదం. మీకు గడియారం చూడటం వచ్చు గదా. ఆయనతో పాటు మీరు కూడా ఒక కన్నేసి ఉంచండి.

డబ్బాలో వచ్చిన రింగే వాడాలి. రబ్బరు బ్యాండు, దారం, ఇనుప రింగు ఎప్పుడూ వాడకూడదు. మళ్లీ వాడాలంటే కనీసం గంట ఆగాలి.

రింగు ఉన్నప్పుడు అంగం చల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది. వీర్యం బయటికి రాకపోవచ్చు. దానికి భయపడనక్కరలేదు. అలాగని అది కుటుంబ నియంత్రణ కాదు. చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తే కొన్ని రోజుల్లో పోతాయి. బాగా వాచినా, నల్లబడినా, నొప్పి ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కొందరు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు. గుండె వాల్వు మార్చుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు, తేలికగా రక్తం కారే జబ్బు ఉన్నవారు, రక్త కేన్సరు ఉన్నవారు అలాంటివారే. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు కూడా అంతే. ఆదిలాబాదు వైపు, మన్యం ఊళ్లలో ఈ జబ్బు ఎక్కువ కాబట్టి అక్కడివారు రక్త పరీక్ష చేయించుకోవాలి.

కొనేటప్పుడు గాలి మితి మీరకుండా ఆపే మీట ఉన్న పంపునే అడగండి. అంగాన్ని పెద్దది చేస్తుందని ఫోనుల్లో అమ్మేవి కొనకండి. ఏ పంపూ ఆ పని చేయదు. డబ్బాలో ఒక కాగితం ఉంటుంది. తెలుగులో ఉంటే ఇద్దరూ కూర్చుని చదవండి. లేకపోతే డాక్టరు చేత చెప్పించుకుని, ముఖ్యమైనవి తెలుగులో రాసి పెట్టుకోండి.

ఇక మీ ఇష్టం మాట. పంపు కొన్నాడని మీరు ఒప్పుకు తీరాలని లేదు. ఒంట్లో బాగాలేకపోతే, మనసు లేకపోతే "ఇవాళ వద్దు" అనండి. కొందరు ఆలుమగలకు పంపు నచ్చుతుంది. కొందరికి ఇదంతా తంతులా అనిపిస్తుంది. ఏదీ వద్దనుకుని, పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటే చాలనుకునేవారూ ఉన్నారు. మన కథలోని ఆయన ఇంకా పంపు కొనలేదు. షుగరు అదుపులోకి వచ్చాక చూద్దామన్నాడు డాక్టరు. మంచం మాత్రం వాకిట్లో నుంచి ఇంట్లోకి వచ్చింది.

కలిసి మాట్లాడుకోండి: మీ ఊరి బస్టాండు గోడల మీద ఏ వైద్యాల కాగితాలు ఉన్నాయి? వాటి మీద ఏం రాశారు? ఒకటి చదివి వచ్చి కేంద్రంలో చెప్పండి.