తాళం ఇచ్చినా ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కొద్దు

శంషాబాద్, మేడ్చల్ వైపు గోదాముల్లో పికర్, ప్యాకర్ పనులకు ఇంటర్ పాసైనవాళ్లు, డిగ్రీ మధ్యలో ఆపినవాళ్లు చాలామంది వెళ్తుంటారు. జీతమెంత, షిఫ్టు ఎప్పుడు, బస్సుందా? ఇంటర్వ్యూలో ఈ మూడే అడిగి వచ్చేస్తారు. ఇంకోటి కూడా అడగండి: ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారి, మనుషులు నడిచే దారి వేరుగా ఉన్నాయా? మేనేజర్ నీళ్లు నమిలితే ఆ గోదాము సంగతి సగం తెలిసినట్టే.

కుర్రాళ్ల కళ్లన్నీ ఫోర్క్‌లిఫ్ట్ మీదే. ఆపరేటర్ భోజనానికి వెళ్లినప్పుడు సూపర్‌వైజర్ ‘కాస్త పక్కకు తియ్‌రా’ అంటాడు. కారు వచ్చు కదా అని ఎక్కేస్తారు. కానీ ఈ బండికి తిరిగేవి వెనక చక్రాలు. ముందు భాగం కుడికి మళ్లుతుంటే తోక ఎడమకు విసురుగా వస్తుంది, అక్కడ నిలబడ్డవాడి పాదం చక్రం కింద పడుతుంది. రెండున్నర టన్నులు ఎత్తే బండి ఖాళీగానే మూడున్నర టన్నుల పైచిలుకు ఉంటుంది. సరుకు పైకెత్తి మలుపు తిప్పితే పక్కకు ఒరిగిపోవచ్చు. అప్పుడు దూకాలనిపిస్తుంది. దూకినవాడి మీదే బండి పైకప్పు పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరిగే దిక్కుకు రెండోవైపు వాలి సీట్లోనే ఉండాలి. ఇవన్నీ శిక్షణలో నేర్పుతారు, భోజన విరామంలో కాదు.

రోజువారీ దెబ్బ మాత్రం నడుముకే. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. నడుము తిప్పినా, పెట్టెను ఒంటికి దూరంగా పట్టుకున్నా అదీ తగ్గాలి. హమాలీలు 50 కిలోల బస్తా మోస్తున్నారు కదా అంటారా? నలభై దాటాక వాళ్ల మోకాళ్లనడగండి.

జీతం నెలకు 21,000 రూపాయలు దాటనివాళ్లకు, కాంట్రాక్టర్ కింద చేరినా సరే, ఈఎస్ఐ వర్తించేచోట నంబర్ ఇచ్చారో లేదో మొదటి పేస్లిప్పులోనే చూసుకోండి. పనిలో గాయపడితే, చేరింది నిన్నే అయినా, పనికి వెళ్లలేని రోజులకు సగటు రోజు వేతనంలో 90 శాతం దాకా వస్తుంది. కొన్నిచోట్ల ‘బయట పడ్డానని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం’ అంటారు. ఒప్పుకోవద్దు. ప్రమాదాల పుస్తకంలో రాయించి, ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఫోర్క్‌లిఫ్టే కావాలంటే లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఆపరేటర్ కోర్సు గురించి వాకబు చేయండి. ట్రయల్‌కు పిలిస్తే, సీటెక్కే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. టైర్లు, గొలుసు, హారన్, కింద నూనె మరక. ఏ ఎత్తుకు ఎంత బరువో రాసిన రేకు పలక కూడా చదవండి.