గంటసేపు టెన్నిస్: ముందే వేసుకునే ప్రణాళిక

బదిలీపై శ్రీ విజయపురం (పాత పోర్ట్‌బ్లెయిర్) వచ్చాక, ఆదివారం సాయంత్రాలు మన సిబ్బంది పిల్లలు ఎనిమిదిమందికి టెన్నిస్ నేర్పుతున్నాను. ఇక్కడ ప్రణాళిక గడియారంతోనే మొదలవుతుంది. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి ఈ ఊరు సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున పొద్దు 40 నిమిషాలు ముందే వాలుతుంది. డిసెంబరులో ఐదు దాటితే బంతి కనబడదు. అందుకే మూడున్నరకు మొదలుపెట్టి నాలుగున్నరకు ముగిస్తాను.

రోజుకు ఒకటే లక్ష్యం పెట్టుకోవాలి, అది లెక్కకు అందాలి. ‘ఫోర్‌హ్యాండ్ నేర్పాలి’ అంటే చాలదు. ‘ప్రతి జంటా వరసగా ఆరు బంతులు నెట్ దాటించాలి’ అనుకుంటే సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది.

గంటను ఇలా పంచుకుంటాను:

• 10 నిమిషాలు: పరుగులు, బంతి పట్టే ఆటలు
• 15 నిమిషాలు: ఆ రోజు మెళకువ
• 20 నిమిషాలు: జంటలుగా సాధన
• 10 నిమిషాలు: పాయింట్లతో పోటీ
• 5 నిమిషాలు: నీళ్లు, ‘ఈరోజు ఏం వచ్చింది?’ అనే ప్రశ్న

ఎనిమిదిమందిని ఒకే వరసలో నిలబెడితే ఒకరు కొడుతుంటే ఏడుగురు చూస్తుంటారు. 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి దక్కేది రెండున్నర నిమిషాలే. అదే నాలుగు చిన్న కోర్టులు గీసి, తాళ్లే నెట్‌లుగా కడితే అందరికీ 20 నిమిషాలూ ఆటే. నేను చూసినంతలో పిల్లలు ఓడిపోయి మానరు, నిలబడి నిలబడి విసిగి మానేస్తారు.

బంతి ఎంపికా ముఖ్యమే. మామూలు బంతి కంటే ఎర్ర బంతి వేగం 75 శాతం, నారింజ బంతి 50 శాతం, ఆకుపచ్చ చుక్క బంతి 25 శాతం తక్కువ. పదేళ్లలోపు వారి పోటీల్లో మామూలు పసుపు బంతులు వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. పూర్తి కోర్టు పొడవు 23.77 మీటర్లు. చిన్నవాళ్లకు అందులో సగం చాలు.

మే నుంచి డిసెంబరు దాకా వాన ఎప్పుడైనా పడొచ్చు. కాబట్టి వరండాలో చేయించే రెండో ప్రణాళిక కూడా సంచీలో ఉండాలి: గోడకు బంతి విసిరి పట్టడం, ఒంటికాలి మీద నిలబడటం, 15, 30, 40 అంటూ స్కోరు చెప్పడం.

చివరగా ఒక నోటుపుస్తకం. ఎవరికి ఏం వచ్చింది, వచ్చేవారం ఏం చేయాలి అన్నది రెండేసి వాక్యాల్లో రాస్తాను. మన ఉద్యోగాల్లో బదిలీ తప్పదు. నేర్పేవారు ఓడెక్కినా పిల్లల ఆట ఆగకూడదు. నా తర్వాత వచ్చేవారు మొదటి పేజీ నుంచి కాకుండా, నేను ఆపిన పేజీ నుంచి మొదలుపెట్టగలగాలి.